పదివేల ఏడు చీమలు

ఒకప్పుడు చీమలు ఇప్పటిలా నడిచేవి కావు. పక్కపక్కన, చాప పరిచినట్టు వెడల్పాటి వరసల్లో నడిచేవి. ప్రతి వరసలోనూ సమానంగా ఉండాలి. వరసలు కట్టగా మిగిలినవాళ్లు పుట్టలోనే ఉండిపోవాలి. వానాకాలంలో ఉండిపోవడమంటే ఏమిటో అందరికీ తెలుసు. అయినా ఎవరూ నోరెత్తేవారు కాదు, మిగిలేది ఎప్పుడూ ఇంకొకరే కదా.

ఆ పుట్టలో నూకి అనే చిన్న చీమ ఉండేది. దాని అక్క తౌడి కుంటిది. నూకి గుడ్డుగా ఉన్నప్పుడు దాన్ని మోసుకొస్తూ, ఎద్దు గిట్ట కింద పడి కాలు పోగొట్టుకుంది. నడక సాగదు కాబట్టి ఎక్కడికైనా అందరికన్నా చివరనే చేరేది.

ఒక ఏడాది వాన తెగ కురిసి నీళ్లు పుట్టలోకి దూరాయి. చీమలన్నీ బయటపడ్డాయి. మొత్తం పదివేల ఏడు. పుట్టకు పెద్దదిక్కయిన పెద్దమ్మచీమ వాటిని రెండేసిగా నిలబెట్టింది. ఒక్కటి మిగిలింది. అది తౌడి.

మూడేసిగా నిలబెట్టమని నూకి పెద్దమ్మ కాళ్లావేళ్లా పడింది. రెండు మిగిలాయి. అయిదేసిగా కట్టినా రెండే. ఏడేసిగా కడితే నాలుగు. ప్రతిసారీ వాటిలో తౌడి ఉంది. కొన్ని పెద్ద సంఖ్యలు అంతే, మహా మొండివి. ఎన్నేసిగా పంచినా ఎవరో ఒకరిని బయటికి నెట్టి కూర్చుంటాయి. ఇంతలో నీళ్లు కాళ్ల దాకా వచ్చాయి.

“పెద్దమ్మా, ఒకరి వెనక ఒకరం నడుద్దాం. అప్పుడు ఎవరూ మిగలరు,” అంది నూకి.

“దొంగల్లాగా ఒక్కొక్కరమా? మన పరువేం కాను?” అంది పెద్దమ్మ.

వాళ్లు వాదించుకుంటూ ఉండగానే తౌడి వెనక్కి తిరిగింది. కుంటుకుంటూ నీళ్లలోకి దిగింది.

“ఏడవకు చెల్లీ. ఇప్పుడు సరిపోతుంది చూడు,” అంది. ఆ తర్వాత కనబడలేదు.

పెద్దమ్మ మళ్లీ రెండేసిగా నిలబెట్టింది. నిజంగానే సరిపోయింది. ఒక్కరూ మిగల్లేదు. వరసంటే ఇలా ఉండాలని పెద్దమ్మ మురిసిపోయింది కూడా.

నూకి ఎవరి పక్కనా నిలబడలేదు. ఏడుస్తూ ఒక్కతే ముందుకు నడిచింది. జోడు పోయిన చీమ, తనెక్కడ మిగిలిపోతుందోనని హడలిపోయి దాని వెనకే నడిచింది. దాని వెనక ఇంకొకటి. చూస్తుండగానే వరసలన్నీ విడిపోయి ఒకే బారయ్యాయి. చివరికి పెద్దమ్మ కూడా ఆ బారు తోకన చేరక తప్పలేదు.

మెట్టకు చేరాక నూకి బారుకు ఎదురు నడిచి, ఒక్కొక్క చీమ ముఖాన్నీ మీసాలతో తడిమింది. అక్క ఏ పుల్లనో పట్టుకుని కొట్టుకొచ్చిందేమోనని దాని ఆశ. అది చూసి మిగతా చీమలూ తడమసాగాయి. ఏదో ఒక వానాకాలంలో వదిలేసి వచ్చినవాళ్లు అందరికీ ఉన్నారు మరి.

అప్పటినుంచే చీమలు ఒకే బారుగా నడుస్తాయి. ఎదురుపడిన ప్రతి చీమ దగ్గరా ఆగి, ముఖం తడిమి చూసి గానీ ముందుకు కదలవు. తౌడి ఇంకా దొరకలేదు.