ఎదురెదురుగా రెండు కంప్యూటర్లు

ఒక ఊరి పంచాయతీ ఆఫీసుకి కొత్త కంప్యూటరొచ్చింది. పాతదాన్ని తుక్కు బండి ఎక్కించబోతుంటే సోమాలమ్మ వచ్చి అడ్డం నిలబడింది. కిందటేడు పోయిన ఆమె మొగుడు, జముకు వాయిస్తూ జముకుల కథ చెప్పే గవరయ్య, ఈ ఆఫీసులోనే పాడగా రికార్డు చేసిన పాట అందులోనే ఉంది. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు.

"పొద్దుట్నుంచీ తంటాలు పడుతున్నానమ్మా. పాతదాంట్లో ఫైలు కొత్తది తీసుకోవట్లేదు. నాకే చేతకాలేదంటే ఇంకెవరివల్లా కాదు," అన్నారు ఆఫీసరుగారు.

"పాతది పాడుతుందా బాబూ?"

"పాడుతుంది."

"కొత్తది వింటుందా?"

"మైకుందిగా, వింటుంది."

"మరింకేం? మా ఆయన శిష్యుల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, పాడి నేర్పేవాడు. కాగితం ముక్క ఇచ్చిందీ లేదు, పుచ్చుకుందీ లేదు. వీటినీ అలాగే కూర్చోబెట్టండి."

ఆఫీసరుగారు రెండింటినీ ఎదురెదురుగా పెట్టించి, "ఎవరూ చప్పుడు చెయ్యొద్దు," అన్నారు.

గవరయ్య గొంతు లేచింది. సోమాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాట మధ్యలో ఆయన దగ్గి, "సోమాలూ, కాసిని మంచినీళ్లు తేవే," అన్నాడు.

"తెస్తున్నానయ్యా," అనేసింది ఆమె.

"పాడుచేశావు కదమ్మా! మళ్లీ మొదలెట్టాలి."

"వద్దు బాబూ, ఉండనివ్వండి," అంది కళ్లు తుడుచుకుంటూ. "ఆయన పాడిన రోజు కూడా చప్పుడు చెయ్యొద్దన్నారు. నేను పలకలేదు."