మాస్టారి కనుబొమ్మ

విజయనగరంలో ఫిడేలు అప్పలస్వామి మాస్టారిని ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన తిన్నగా జవాబు చెప్పరు. "ముందు వాయించు, తరవాత చూద్దాం" అంటారు. అడిగింది రాగం గురించైనా సరే, మోకాళ్ల నొప్పుల గురించైనా సరే, అదే మాట. చాలామంది వాయించడం పూర్తయ్యేసరికి ఏం అడిగారో మరిచిపోయి హాయిగా ఇంటికెళ్లిపోతారు. ఆ రోజు జోగారావు మాత్రం మరిచిపోయే స్థితిలో లేడు.

జోగారావు కరెంటాఫీసులో గుమాస్తా. నలభై దాటాక సరదా పుట్టి ఫిడేలు పట్టినవాడు. డిగ్రీలో లెక్కలు చదివాడు కాబట్టి లోకంలో ప్రతిదానికీ ఒక లెక్క ఉంటుందని నమ్ముతాడు. ఇంట్లో కూతురి విషయంలో ఆ లెక్కే తప్పింది.

"మాస్టారూ, మా ధరణి ఎంట్రన్సుకి కోచింగు వద్దంది. ఇంట్లోనే సొంతంగా చదువుకుంటానంది. 'నువ్వేమీ చెప్పకు నాన్నా, ఊరికే పక్కన కూర్చో చాలు' అంది. అలాగే కూర్చుంటున్నాను. ఒట్టు, ఒక్క మాట సాయం చెయ్యలేదు. నేను పక్కనున్నంతసేపూ లెక్కలు మంచినీళ్లు తాగినట్టు చేసేస్తుంది. మోడల్ పరీక్షకెళ్తే చతికిలబడుతోంది. వచ్చే నెల్లో ఇంకొకటుంది. అందులోనూ ఇంతే అయితే విజయవాడ హాస్టల్లో చేర్పించేస్తానని మా ఆవిడ పెట్టె కూడా సర్దేసింది. పిల్ల ఆ పెట్టెని చూసి చూసి ఏడుస్తోంది. నేనింకేం సాయం చెయ్యాలంటారు?"

"మోహన వర్ణం అందుకో" అన్నారు మాస్టారు.

జోగారావు నిట్టూర్చి ఫిడేలు భుజానికెత్తుకున్నాడు. ఎప్పుడూ ఎదురుగా చాప మీద కూర్చునే మాస్టారు ఆ రోజు ఎండ మండిపోతోందంటూ తువ్వాలు తడిపి తెచ్చుకున్నారు. పడక్కుర్చీలో వెనక్కి వాలి, ఆ తువ్వాలు ముఖం నిండా కప్పుకున్నారు. జోగారావు మొదలుపెట్టాడు. పల్లవి బాగానే సాగింది. తరవాత ఒకచోట వేలు కాస్త పక్కకి పడిందేమోనని అనుమానం వచ్చింది. తలెత్తి చూశాడు. తువ్వాలు తప్ప ఏమీ కనబడలేదు. అదే ముక్క మళ్లీ వాయించాడు. మొదటిది తప్పా, రెండోది తప్పా, రెండూ తప్పా, ఏమీ తేలలేదు. చెమటలు పట్టాయి.

"మాస్టారూ, ఇది సరిగ్గానే ఉందాండీ?"

"వాయించేది నువ్వా, నేనా?" అంది తువ్వాలు.

ఇంకో రెండు ముక్కలు వాయించి జోగారావు కమాను దింపేశాడు. "కాస్త ఆ తువ్వాలు తీస్తే వాయిస్తానండి" అన్నాడు ఉక్రోషంగా.

కుర్చీలోంచి నవ్వు వినిపించింది. మాస్టారు తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నారు. "ఈ వర్ణం నీకు నేర్పడం అయ్యాక, ఇదిగో ఇక్కడ తప్పు పోయింది అని ఎప్పుడైనా నోరెత్తి చెప్పానేటి?"

"లేదండి. తమరు ఎడమ కనుబొమ్మ ఎత్తుతారు కదా, అప్పుడు..." అని జోగారావు ఆగిపోయాడు. అతని చెయ్యి దానంతటదే తన కనుబొమ్మ మీదికి వెళ్లింది.

"ఎత్తుతానేటి? నువ్వే సరిదిద్దుకుంటున్నావనుకున్నానే!" అన్నారు మాస్టారు ఎంతో ఆశ్చర్యంగా. అందులో నిజమెంతో, వేళాకోళమెంతో ఆయనకే తెలియాలి. పాఠం అయిపోయినట్టు లేచి లోపలికెళ్లిపోయారు.

ఆ సాయంత్రం జోగారావు మామూలుగానే కూతురి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కనుబొమ్మల్ని కదలకుండా బిగబట్టాడు. అయినా ధరణి ప్రతి లెక్కా చేసి, జవాబుకి టిక్కు పెట్టే ముందు ఒక్క క్షణం కిందికి చూస్తోంది. ఏం చూస్తోందా అని అతనూ కిందికి చూశాడు. అక్కడ అతని కుడికాలు ఉంది. కాలు మీద కాలేసుకుని ఊపడం అతనికి చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. పిల్ల లెక్క దారి తప్పగానే ఆ కాలు ఆగిపోతోంది. దారిలో పడగానే మళ్లీ ఊగుతోంది. ఒట్టేసి మరీ మాట సాయం మానేసిన పెద్దమనిషి కాలితో పాఠం చెబుతున్నాడు!

పరీక్షిద్దామని, తరవాతి లెక్క ఆమె తప్పు చేస్తున్నా పట్టుబట్టి కాలు ఊపుతూనే ఉన్నాడు. ధరణి హుషారుగా తప్పు జవాబుకి టిక్కు పెట్టేసింది. ఆ పై లెక్క చక్కగా చేసింది. అతను కాలు ఆపేశాడు. ఆమె ఒప్పు జవాబుని రబ్బరుతో చెరిపేసింది.

"ఎందుకు చెరిపావమ్మా?"

"నీ కాలు ఆగింది కదా నాన్నా" అంది ధరణి. అనేశాక తను ఏమందో తనకే అర్థమైంది. తండ్రీకూతుళ్లిద్దరూ ఆ కాలి వంక చూశారు. ముందు ధరణికే నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్లలో నీళ్లు తిరిగాయి. "అయితే నాకు లెక్కలు రావన్నమాట."

"వస్తాయే! నువ్వు చెరిపింది ఒప్పు లెక్క. తప్పు నీది కాదు, నా కాలిది" అన్నాడు జోగారావు.

మర్నాటి నుంచి కుర్చీ వీధరుగు మీదికి మారింది. పిలిస్తే వస్తాడు, పిలవకపోతే రాడు. జవాబుల పుస్తకం అన్ని లెక్కలూ అయ్యాకే తెరవాలి. మొదట్లో నిమిషానికోసారి పిలుపొచ్చేది. "నాన్నా, ఇది రైటేనా?" అతను వచ్చి గుమ్మంలో నిలబడి, "నీకేమనిపిస్తోంది?" అనేవాడు. "అది తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను!" అని పిల్ల పుస్తకం బల్లకేసి కొట్టేది. ఆ చప్పుడుకి అతని ప్రాణం ఉసూరుమనేది. అయినా తిరిగెళ్లి అరుగు మీద కూర్చునేవాడు. కాలు ఊగకుండా మఠం వేసుకుని మరీ కూర్చునేవాడు. "మీరు అరుగు కాపలా కాస్తే పిల్లకి ర్యాంకు వచ్చేస్తుందేటండీ?" అని భార్య రమాదేవి ఎత్తిపొడిచేది. లోపల పిల్ల తిట్టుకుంటూ, జుట్టు పీక్కుంటూ, వచ్చిన జవాబుని మళ్లీ లెక్కలో పెట్టి సరిపోతుందో లేదో తనే చూసుకోవడం మొదలెట్టింది. పిలుపులు తగ్గాయి.

మోడల్ పరీక్ష రోజున అతను స్కూలు గేటు బయట నిలబడ్డాడు. ధరణి బయటికొచ్చి, నాన్న ముఖం వంక చూడకుండానే చెప్పడం మొదలెట్టింది. "ఫిజిక్సులో కరెంటు లెక్క పోయింది. కెమిస్ట్రీలో ఊహించి పెట్టినవి చాలావరకూ పోతాయి. మాథ్స్ మాత్రం అన్నీ వచ్చాయి నాన్నా." ఇంకొకరిని అడగాల్సిన పనే లేనట్టు చెప్పింది. ఫలితాలు కూడా ఆమె చెప్పినట్టే వచ్చాయి, మొత్తం మార్కులూ బాగా పెరిగాయి. రమాదేవి ఆ రాత్రే పెట్టెలోంచి బట్టలన్నీ తీసి బీరువాలో సర్దేసింది. సర్దుతున్నంతసేపూ కూనిరాగం తీస్తూనే ఉంది.

మర్నాడు జోగారావు మామిడి తాండ్ర పట్టుకుని మాస్టారింటికి పరిగెత్తాడు. సంగతంతా ఏకబిగిన చెప్పేశాడు. చెప్పీ చెప్పీ చివరికి అతని గొంతు కాస్త తగ్గింది.

"ఒకటే మాస్టారూ. పిలుస్తుందేమోనని రోజూ అరుగు మీద చెవులు రిక్కించుకుని కూర్చుంటున్నాను. ఇప్పుడు నన్ను పిలవడమే మానేసింది."

మాస్టారు తాండ్ర ముక్క నోట్లో వేసుకుని, తీరిగ్గా చప్పరించి, అన్నారు:

"మానేసిందా? అయితే ఇన్నాళ్లకి దాని పక్కన కూర్చున్నావోయ్."