కాగులో నీళ్ళు

ఏది ముందు జరిగిందో, ఏది వెనక జరిగిందో నేను తారుమారు చేసి చెప్పవచ్చు. మా అక్క మనవరాలు విశాలి చెప్పగా విన్నదాన్ని మరిచిపోకముందే రాసిపెడుతున్నాను.

ఏకాంబరం మాష్టారికి ఒక అలవాటు. శిష్యులు ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, చెప్పులు తొడుక్కుంటారు. ఆ రోజు అడిగింది హైమవతి. నాలుగేళ్ళుగా ఆమె ప్రయోగశాలలో గాజు గిన్నెల్లో కణాలను పెంచుతోంది. వాటిలో ఒక జన్యువును చేర్చింది. అది పనిచేస్తే కణం ఎర్రగా వెలగాలి. వెలగడం లేదు. నెలాఖరులోగా వెలగకపోతే పని ఆపెయ్యమని ప్రయోగశాల పెద్దలు చెప్పేశారు.

"దాని రాత అక్షరం అక్షరం మూడుసార్లు చూశాను మాష్టారూ. ఒక్క తప్పు లేదు. మరి ఎందుకు పలకదు?"

మాష్టారు ఆమెను కాళహస్తిలో అద్దకం పని చేసే మునిరత్నమ్మ పాకకు తీసుకుపోయారు. అక్కడా గొడవే. పటిక నీళ్ళతో బట్ట మీద బొమ్మ గీస్తారు. ఆరితే అది కంటికి కనపడదు. తరువాత ఎర్రరంగునిచ్చే చెట్టు వేళ్ళు మరిగే కాగులో ముంచితే, పటిక తగిలిన చోటల్లా ఎరుపు పైకి లేస్తుంది. ఆ రోజు బట్ట బూడిదరంగుకు తిరిగి ఊరుకుంది.

"గీత సరిగా పళ్ళేదత్తా, మళ్ళీ గీయండి," అంది కోడలు.

"నా గీతకే వంక పెడతావా మే?" అంటూ మునిరత్నమ్మ పక్కనున్న బిందెలోంచి చుక్క తీసి నాలిక మీద వేసుకుని, తుపుక్కున ఉమ్మింది. "ఇవి యాడ నీళ్ళు?"

"ఏటికి పోవాలంటే ఎండ గదత్తా. బోరులో పట్టినా."

"అట్ట చెప్పు. బొమ్మను అనబాకు."

ఏటి ఇసకలో తవ్విన చెలమ నుంచి నీళ్ళు వచ్చాయి. కొత్త కాగు పెట్టారు. అవే వేళ్ళు, అదే చెయ్యి గీసిన రెండో ముక్క. చూస్తుండగానే నెమలి మెడ, తోక, ఒక్కొక్క ఈక ఎర్రగా లేచి నిలబడ్డాయి. కోడలు చప్పట్లు కొట్టింది. హైమవతి కొట్టలేదు; బస్సుకు పరుగెత్తింది.

ఆమె గిన్నెల్లో కణాలు పెరిగే ద్రవం పసుపుపచ్చగా ఉంది. ఆ రంగుకు తిరిగిందంటే పులిసిందని అర్థం. రెండు రోజులకోసారి మార్చవలసిన దాన్ని, రాత పరీక్షించే హడావిడిలో మొదటి నుంచీ వారానికోసారే మారుస్తోంది. బయటి పులుపు మెల్లగా కణకేంద్రం దాకా దిగుతుంది. అక్కడ జన్యువుల దారం ఉండలకు చుట్టుకుని ఉంటుంది. ఆ చుట్టను వదులుగా ఉంచేవి చిన్న చిన్న రసాయనపు గుర్తులు. పులుపు పెరిగితే కణం వాటిని తీసేస్తుంది, చుట్ట బిగుసుకుంటుంది. రాత చెడదు. చదవడానికి అందదు, అంతే.

ఇక రోజూ ద్రవం మార్చింది. ఐదో రోజు పొద్దున సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టి, కేక వేసి, చెప్పులు కూడా లేకుండా మాష్టారి దగ్గరకు మెట్లు దిగి పరుగెత్తింది. ఆయన వచ్చి చూశారు. గిన్నె నిండా ఎరుపు! నాలుగేళ్ళ మౌనం ఒక్కసారిగా పలికింది. చాలాసేపు చూసి, తలెత్తి, చెప్పులు తొడుక్కున్నారు.

"పద. ఎరుపు వచ్చిందని మునిరత్నమ్మకు చెప్పి వద్దాం."

విశాలీ, ఈ పేర్లు ఒకసారి సరిచూడు. మాష్టారి ఆ చివరి మాట మాత్రం నేను మరిచిపోలేదు.