కడుపు మీద చెంబు

గవరయ్యకి రెండు రోజులుగా అన్నం సయించట్లేదు. జొరం కాదు, దెయ్యమూ పట్టలేదు. షెడ్డులో బల్ల మీద రెండు జతల పళ్ళచక్రాలున్నాయి. ఏది బిగించాలో ఉస్తాదు చెప్పట్లేదు.

గవరయ్యంటే ఎవరనుకున్నారు? ఎస్.కోట మొత్తం గాలించినా అంత చెయ్యి తిరిగిన మెకానిక్కు లేడు. అతను స్పానరు పట్టుకుని వస్తుంటే తుప్పు పట్టిన బోల్టులు హడలిపోయి వాటంతటవే ఊడిపోయేవి. ఒకసారి రోడ్డవతల టీ తాగుతా లారీ దగ్గు విని, "మూడో వాల్వు" అన్నాడు. విప్పి చూస్తే మూడోదే. ఆ లారీ ఇప్పటికీ అతను కనిపిస్తే హారను కొట్టకుండా పోదు. నమ్మకపోతే మీ ఇష్టం.

అలాంటోడికి కూడా ఉస్తాదంటే భయం.

ఉస్తాదు పేరు మదీనా సాయిబు. డెబ్బై దాటాయి. మనిషి ఎండిన మునక్కాడలా ఉంటాడు. రోజుకి పది మాటలు మాట్లాడితే అందులో ఎనిమిది "ఊఁ"లే. గవరయ్య ఆయన దగ్గర చేరి పన్నెండేళ్ళు. ఒక్కనాడు తిట్టలేదు, కొట్టలేదు. అదే భయం. తిట్టేవాడైతే తిట్టు అయిపోయాక ఊపిరి పీల్చుకోవచ్చు.

బల్ల పక్కన నిలబడి ఉన్నది డాక్టర్ ఎస్తేరమ్మ కారు. వాళ్ళ నాన్న నాటిది, నల్లది, గుండ్రటి వీపుది. గవరయ్య కంటే వయసులో పెద్దది. ఆవిడ దాంట్లోనే అనంతగిరి ఘాటురోడ్డెక్కి కొండమీద ఊళ్ళకి వెళ్తాది. కాన్పు కష్టమైన ఆడోళ్ళని వెనక సీట్లో పడుకోబెట్టి, ఘాటు దింపి, కోటలో తన ఆసుపత్రికి తెస్తాది. ఆ సీటు మీదే తొందరపడి పుట్టేసినోళ్ళని లెక్కేస్తే ఒక పంచాయతీ అవుతాదంట. సర్పంచి కూడా అందులోంచే వస్తాడంట.

ఆ కారు గేరుబాక్సులో పళ్ళు రాలిపోయాయి. సామాను ఎక్కడా దొరకలేదు. గవరయ్య వేరే బండి బాక్సు తెచ్చాడు. అయిదు గేర్లది, పరుగుల బండిది. బిగింపులు కోసి అతికించి, షాఫ్టు పొట్టి చేయించి, కూర్చోబెట్టేశాడు. ఉస్తాదు వచ్చి వెల్డింగు మీద వేలు రాసి చూసి "ఊఁ" అన్నాడు. ఆ ఒక్క "ఊఁ"కి గవరయ్య ఆ పూట నేల మీద నడవలేదు.

మిగిలింది వెనక ఇరుసు. దాని గుండెకాయలో పెద్ద పళ్ళచక్రం క్రౌను, దాన్ని తిప్పే చిన్నది పినియను. కారుతో వచ్చిన పాత జతలో నలభై ఒకటికి తొమ్మిది పళ్ళు. చక్రం ఒక్కసారి తిరగాలంటే గేరుబాక్సునుంచి వెనక్కొచ్చే షాఫ్టు నాలుగున్నర చుట్లు తిరగాలి. నిదానం, కానీ మహా మొండి. గవరయ్య తుక్కులో ఏరి తెచ్చిన జతలో ముప్పై తొమ్మిదికి పది. నాలుగు చుట్లు కూడా అక్కర్లేదు. ఇంజను రొద తగ్గుతాది, బండి బాణంలా పోతాది.

"ఉస్తాదూ, ఏది వెయ్యమంటారు?"

సాయిబు బీడీ బూడిద దులిపాడు. "చెయ్యి నీది."

అప్పుడే డాక్టరమ్మ వచ్చింది. "ఏం గవరయ్యా, ఎంత స్పీడెళ్తాది నా బండి?"

"వంద కొట్టిస్తానమ్మా! ఇక్కడ తలుపేసుకునేలోగా మీరు విశాఖపట్నంలో దిగిపోవాల."

"అబ్బో, తలుపు కోటలోనే ఉండిపోదు కదా?" ఆవిడ నవ్వింది. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "శుక్రవారానికి కావాలయ్యా. కొండమీద ఒక పిల్లకి నెలలు నిండాయి. మొదటి కాన్పు. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. కుదుపు తగలకుండా దింపాలి."

సాయిబు ఇటు తిరగకుండానే అడిగాడు. "దిగుతాదా?"

"ఏటి ఉస్తాదూ?"

"ఊఁ."

అంతే. గవరయ్యకి అర్థం కాలేదు. కొండకెళ్ళే బండి గురించి ఎవరైనా ఎక్కుతాదా అని అడుగుతారు గాని దిగుతాదా అని అడుగుతారా? దిగడానికేముంది, ఏ గేరూ లేకపోయినా కొండే దింపుతాది. ముసలాయనకి మాట తడబడింది అనుకున్నాడు. ఆ సాయంత్రమే ముప్పై తొమ్మిదికి పది జత బిగించేశాడు.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. వెనక ఇరుసు విప్పిన బండిని, విప్పినవాడే ఘాటెక్కించి దింపాలి. అది అయ్యాకే తాళాలు ఓనరు చేతికి.

గురువారం పొద్దున్న గవరయ్య స్టీరింగు పట్టుకున్నాడు. సాయిబు చేతికర్రతో వెనక సీట్లో కూర్చున్నాడు. పక్కన ఒక ఖాళీ చెంబు పెట్టుకున్నాడు. ముసలాళ్ళకి దాహం కదా అనుకున్నాడు గవరయ్య.

బండి ఎక్కింది. ఎలా ఎక్కిందంటే, దారిలో కోతులు అరటిపళ్ళు తినడం మానేసి చూశాయి. రెండో గేరులోనే మలుపులన్నీ లాగేస్తా గవరయ్య అద్దంలోకి చూసి మీసం తిప్పాడు. "చూశారా ఉస్తాదూ? ఒకటో గేరు అడగలేదు!"

"ఆపు," అన్నాడు సాయిబు.

మలుపు తిరిగిన చోట, రోడ్డుకి అవతల కొండవారన, రోడ్డు పనివాళ్ళు పోసిన కంకర గుట్ట ఉంది. సాయిబు దిగాడు. రోడ్డు దాటి కర్రతో గుట్టలో గుచ్చాడు. కర్ర మూరెడు దిగింది. లాగి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

"కంకరేటి ఉస్తాదూ, ఇల్లు కడతారా?"

"పద."

పైన టీ కొట్టు దగ్గర ఆగారు. కొట్టువాడికి కోటలో దించాల్సిన అల్లం బస్తాలు నాలుగున్నాయంట. సాయిబు నాలుగూ డిక్కీలో వేయించాడు. బండి వెనక్కి కూలబడింది. తర్వాత కొళాయి దగ్గర చెంబు అంచుదాకా నింపుకుని వచ్చి, వెనక సీటు మీద వెల్లకిలా పడుకున్నాడు. మోకాళ్ళు మడిచాడు. చెంబు కడుపు మీద పెట్టుకుని రెండు చేతులా పట్టుకున్నాడు.

గవరయ్యకి నవ్వాగలేదు. "ఏటిది ఉస్తాదూ? నొప్పులొస్తన్నాయా?"

"ఊఁ. దింపు. మెల్లిగా."

మొదటి మలుపు బాగానే తిరిగింది. రెండో గేరు, కాలు బ్రేకు మీద ఊరికే ఆనించి ఉంది. రెండో మలుపుకి గవరయ్య గమనించాడు. ఇంజను బండిని పట్టుకోవట్లేదు. యాక్సిలరేటరు వదిలేస్తే పాత బండి ఎద్దు మొండికేసినట్టు ఆగుతా దిగేది. ఈ కొత్త జతతో మాత్రం ఎవరో వెనకనుంచి తోస్తున్నట్టు జారుతోంది.

బ్రేకు నొక్కాడు. తగ్గింది. వదిలాడు. మళ్ళీ పుంజుకుంది.

కుడిపక్క లోయ. పోయిన వానాకాలం ఒక వ్యాను అక్కడే పోయింది. విరిగిన పిట్టగోడకి ఎవరో కట్టిన ఎర్రగుడ్డ ఇంకా ఆడుతోంది. గవరయ్య అటు చూడకూడదనుకున్నాడు. చూశాడు.

నాలుగో మలుపు. డిక్కీలోంచి వచ్చే అల్లం వాసనలో ఇంకో వాసన కలిసింది. కాలిన వాసన. అది ఏంటో అతనికి తెలుసు. ఇంకొకరి బండిలోంచి వస్తే రోడ్డవతలనుంచే పేరు చెప్పేవాడు. ఇప్పుడు మాడుతున్నవి తన బ్రేకులే.

వెనక నీళ్ళు తొణికిన చప్పుడు.

"ఉస్తాదూ, గట్టిగా పట్టుకోండి!"



ఒకటో గేరులోకి దించాలి, అదొక్కటే దారి. క్లచ్చు తొక్కి రెండులోంచి లాగాడు. ఒకటిలోకి తోశాడు. పడలేదు. అప్పటికే వేగం పెరిగిపోయింది. పళ్ళు పళ్ళు రాసుకుని కర్రుమన్నాయి. మళ్ళీ తోశాడు. పడలేదు. ఇప్పుడు బండి ఏ గేరులోనూ లేదు. అంత బరువూ ఒక్కసారి గాల్లోకి వదిలేసినట్టయింది. చెట్లు మీదకొచ్చేస్తున్నాయి.

కిందనుంచి బస్సు హారను కొడతా మలుపు తిరిగింది. గవరయ్య స్టీరింగు కొండవైపుకి కోశాడు. బస్సు గీసుకుంటా పోయింది. కిటికీలో ఒక ఆడమనిషి నోరు తెరుచుకుని ఉండడం కనిపించింది. ఆవిడ అరిచిందో లేదో అతనికి వినపడలేదు.

రెండోది ఎలాగో పడింది. బండి ఒక్క కుదుపు కుదిపింది. వెనక చెంబు దేనికో తగిలి మోగింది.

బ్రేకు పెడలు మొదట రాయిలా ఉండేది. తర్వాత రుబ్బిన పిండిలా అయింది. ఈసారి తొక్కితే కింద ఏమీ లేదు. కాలు అడుగుకి తగిలింది. చేతిబ్రేకు లాగాడు. వెనక చక్రాలు ఏడ్చాయి గాని ఆగలేదు.

ఆ క్షణాన గవరయ్యకి మీసం లేదు, పేరు లేదు, పన్నెండేళ్ళ పని లేదు. అమ్మ గుర్తొచ్చింది. తర్వాత, ఎప్పుడూ చూడని ఒక పిల్ల గుర్తొచ్చింది, నెలలు నిండిన పిల్ల. రేపు ఈ సీట్లో ఆ పిల్ల.

మలుపు దగ్గరికొచ్చింది. ఇది తిరగదు. తిరగదని అతని చేతులకి తెలిసిపోయింది.

"ఎడమకి," అన్నాడు వెనకనుంచి సాయిబు. పొద్దున్న టీ అడిగిన గొంతుతోనే.

ఎడమవైపు కంకర గుట్ట ఉంది. కళ్ళు మూసుకుని స్టీరింగు తిప్పేశాడు.

రాళ్ళ వానలాంటి చప్పుడు. బండి ముక్కు పైకి లేచి, కంకరలోకి దూరి, ఆగింది. డిక్కీలో బస్తాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. తర్వాత ఏ చప్పుడూ లేదు. చక్రాల దగ్గర ఇనుము మాత్రం టిక్కు టిక్కుమంటోంది.

గవరయ్య వెనక్కి తిరగలేదు. తిరగాలంటే భయం వేసింది. సీటు కింద ఏదో కారుతోంది. చుక్క, చుక్క. చెయ్యి వెనక్కి పెట్టి తడిమాడు. తడి. ఆ చెయ్యి ముందుకి తెచ్చుకుని చూసుకోవడానికి అతనికి ఒక ఏడాది పట్టింది.

తిరిగి చూశాడు. సాయిబు అలాగే వెల్లకిలా ఉన్నాడు. చెంబు బోర్లా పడి ఉంది. కడుపు దగ్గర్నుంచి పాదాలదాకా పంచె తడిసిపోయి ఒంటికి అంటుకుపోయింది. సీటంతా తడి.



సాయిబు తల తిప్పి అతన్ని చూశాడు.

"నీళ్ళేలేరా," అన్నాడు.

గవరయ్య తలుపు తోసుకుని దిగాడు. రోడ్డు మీద కూలబడ్డాడు. ఎదురుగా గుట్ట. పొద్దున్న కర్ర గుచ్చిన గుంట ఇంకా అలాగే ఉంది. బంపరుకి జానెడు దూరంలో. దాన్ని చూస్తా ఎంతసేపు కూర్చున్నాడో తెలీదు. సాయిబు కొండరాయి మీద కూర్చుని పంచె పిండుకుంటున్నాడు.

బండిని వెనకనుంచి ఒక లారీకి తాడు కట్టి, ఆ లారీ పట్టుకుని ఉండగా కిందికి దింపారు. షెడ్డుకొచ్చాక గవరయ్య ఎవరినీ ఏమీ అడగలేదు. బ్రేకులన్నీ కొత్తగా వేశాడు. ఇరుసు విప్పి ముప్పై తొమ్మిదికి పది తీసేశాడు. నలభై ఒకటికి తొమ్మిది కిరోసిన్‌లో కడిగి, ఒక్కో పన్ను మీద వేలు పెట్టి లెక్కపెట్టి, బిగించాడు.

శుక్రవారం తెల్లవారుతుండగా మళ్ళీ ఘాటెక్కాడు. ఒక్కడే. పైన అలాంటివే ఇంకో నాలుగు అల్లం బస్తాలు వేసుకున్నాడు. ఒకటో గేరు వేసి బయలుదేరాడు. వెనక సీటు మీద గడ్డితో చేసిన చుట్టకుదురు, దాని మీద అంచుదాకా నింపిన చెంబు. ఇంజను ఒకటే గొంతుతో సణుగుతా, బండిని జుట్టు పట్టుకున్నట్టు వెనక్కి పట్టుకుని దింపింది. వెనకనుంచి ఒక సైకిలువాడు దాటిపోతా వెటకారంగా గంట కొట్టాడు. గవరయ్య పట్టించుకోలేదు. ఆ ఎర్రగుడ్డ దగ్గర చూపు తిప్పుకోనూ లేదు.

షెడ్డు ముందు ఆపి దిగాడు. సాయిబు వెనక తలుపు తీసి చెంబులోకి చూశాడు. చెంబు ఎత్తి, నాలుగు గుక్కలు తాగి, పెట్టేశాడు.

"ఊఁ."

డాక్టరమ్మ అప్పటికే పెట్టె పట్టుకుని నిలబడి ఉంది. తొందరగా వచ్చి ముందు సీట్లో కూర్చుని తాళాలకి చెయ్యి చాపింది.

"ఏం గవరయ్యా, ఇంతకీ ఎంత స్పీడెళ్తాది?"

గవరయ్య తాళాలు ఆవిడ చేతిలో పెట్టాడు.

"దిగుతాదమ్మా," అన్నాడు.