ముప్పై ఒక్క అంగుళాల టైరు

"రెండంగుళాలు ఎత్తు లేపిన పికప్పు బండికి ఎంత పెద్ద టైరు పడుతుంది ఉస్తాద్?" అని రెడ్డెప్ప అడిగాడు.

అడిగింది ఒక శుక్రవారం మధ్యాహ్నం. మదనపల్లె దాటాక కదిరి రోడ్డు పక్కన రేకులు కప్పిన టైర్ల షెడ్డులో. ఉస్తాద్ దాదావలి అప్పుడే నమాజు ముగించుకొని వచ్చి, తెల్ల చొక్కా విప్పి మేకుకు తగిలించి, పని చొక్కా తొడుక్కుంటున్నాడు. రెడ్డెప్ప ఆయన దగ్గర ఆరేళ్లుగా పని నేర్చుకుంటున్నాడు. ఇద్దరు పిల్లల తండ్రి, చేతి పనిలో మెలకువ ఉన్నవాడు. షెడ్డు ఇక నీదేనని ఉస్తాద్ ఈమధ్యనే అతనితో అన్నాడు. సైజు ఎంతని ఎవరు అడిగినా దాదావలి నోటితో చెప్పడు. ఏం మోస్తావు, ఏ దారిన పోతావు అని అడుగుతాడు. బండిలో బరువు వేయించి, ముందు చక్రం ఒకదాన్ని దిమ్మె మీదికి ఎక్కించి, స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి, చక్రానికీ మడ్‌గార్డుకూ నడుమ చెయ్యి పెట్టి చూస్తాడు. అంతయ్యాకే టైరు మాట. ఆ సంగతి ఆరేళ్లుగా చూస్తున్నవాడు రెడ్డెప్ప. అయినా ఆ ప్రశ్న అడిగాడంటే ఏదో జరిగి ఉంటుందనుకున్నాడు దాదావలి. చుట్టూ చూశాడు. గోడవార ఉండాల్సిన ముప్పై ఒక్క అంగుళాల టైర్లు నాలుగూ లేవు. మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్కును చెక్కిన నల్లటి పేళ్లు నేల మీద పడి ఉన్నాయి.

"ఎవరి బండి?"

"షామియానా సామాను తోలే జయచంద్రది ఉస్తాద్. పొద్దున వచ్చినాడు. ఇరవైతొమ్మిది చాలంటే ఒప్పుకోలే. ఆ ముప్పై ఒకటే కావాలన్నాడు. వేసి పంపించేసినా."

"బరువేసి చూసినావా?"

"ఖాళీ బండే. స్టీరింగ్ రెండు పక్కలా తిప్పి చూసినా. వేలు పట్టే సందు ఉండాది." రెడ్డెప్ప తల దించుకున్నాడు. "పోయినంకే నాకు గుబులైంది. మంచి సైజే గదా ఉస్తాద్?"

దాదావలి పని చొక్కా బొత్తాలు పెట్టుకోవడం సగంలో ఆపి, పాత టైరు మీద కూర్చున్నాడు. చాలా ఏళ్లుగా ఒక్కరికి తప్ప ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఆయన దగ్గర ఉంది. ఆవేళ అది చెప్పాడు.

ఆయనకు ముప్పై ఎనిమిదేళ్లప్పటి మాట. చక్రాన్ని కంటితో చూసి కొలత చెబుతాడని చుట్టుపక్కల పేరు. ఆ రోజుల్లో గంగులప్ప అనే టమాటా బండి మనిషి ఉండేవాడు. చేలల్లోకి వెళ్లి కాయ ఎత్తుకొని, గుర్రప్ప కనుమ ఎక్కి అవతల మార్కెట్టుకు తోలేవాడు. వాళ్ల ఊరి వంకలో బండి అడుగు రాళ్లకు తగులుతోందని, బండి బరువు మోసే కమాన్ కట్టల కింద ఇనుప దిమ్మెలు పెట్టించి రెండంగుళాలు లేపించాడు. లేపాక కంపెనీ టైర్లు పెద్ద మనిషి కాళ్లకు పిల్లల చెప్పుల్లా కనిపించాయి. దాదావలి దగ్గరికి వచ్చి, ఎంత పెద్దవి పడతాయని అడిగాడు. ఇరవై ఎనిమిది అంగుళాలవి తీసి ఇరవైతొమ్మిదివి వేస్తే సరిపోయేది. అది దాదావలికి చూడగానే తెలిసింది. కానీ షెడ్డు ముందు నలుగురు డ్రైవర్లు టీ తాగుతూ నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒకడు, ముప్పై ఒకటి వేసే మొనగాడు ఈ తాలూకాలోనే లేడన్నాడు. ఆ మాట దాదావలి చెవిన పడింది.

మడ్‌గార్డు అంచు కాస్త చెక్కి, ముప్పై ఒకటి ఎక్కించాడు. స్టీరింగ్ తిప్పి చూస్తే వేలు పట్టే సందు ఉంది. బండి గంభీరంగా కనిపించింది. టీ తాగుతున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. గంగులప్ప సంతోషపడుతూనే, "బరువేసి ఒకసారి చూస్తామా అన్నా? నాకేం తొందర లేదు" అన్నాడు. పక్కన కడుతున్న ఇంటి ముందు ఇసుక మూటలు కావలసినన్ని ఉన్నాయి. అడిగితే ఇచ్చేవాళ్లు. పదిహేను నిమిషాల పని.

"నేను చూసినంక మళ్లా చూసేదేముంది, పో" అన్నాడు దాదావలి.

నెల తిరగకముందే కాయ సీజను మొదలైంది. గంగులప్ప అరవై క్రేట్లు ఎత్తుకొని తెల్లవారాక కనుమ ఎక్కుతున్నాడు. పక్క సీట్లో భార్య నాగరత్నమ్మ ఉంది. ఆమె మామిడి అంట్లు కట్టేది. పుర్రచేతి వాటం. ఆ ఎడమచేత్తో కొమ్మ కోసి, అతికించి, కట్టు బిగించిందంటే ఆ అంటు పట్టక తప్పదని నర్సరీల వాళ్లు చెప్పుకొనేవారు. కనుమ అవతల నర్సరీలో పనుందని ఆ రోజు బండెక్కింది. మూడో మలుపు దగ్గర గంగులప్ప స్టీరింగ్‌ను కుడికి పూర్తిగా తిప్పుతున్నాడు. అదే సమయంలో ఎడమ ముందు చక్రం రోడ్డు మీద పడి ఉన్న రాతి మీదికి ఎక్కింది. పైనున్న బరువంతా ఆ చక్రం మీదికి ఒరిగింది. టైరు వెళ్లి మడ్‌గార్డు ఇనుముకు ఒత్తుకుంది. స్టీరింగ్ ఇంకా పావు చుట్టు తిరగాల్సి ఉండగానే బిగుసుకుంది. బండి వేగంగా లేదు. మెల్లగానే నేరుగా పోయి ఎడమవైపు రాతికట్టను రాసుకుంటూ ఆగింది. గంగులప్పకు గీత కూడా పడలేదు. కిటికీ మీద ఆనించిన నాగరత్నమ్మ ఎడమచెయ్యి తలుపుకూ రాతికీ నడుమ పడింది.

కబురు విని దాదావలి పరుగున వెళ్లాడు. ఆస్పత్రికి పోలేదు. ముందుగా బండి దగ్గరికి పోయాడు. అప్పటికే క్రేట్లన్నీ దించి రోడ్డు పక్కన పేర్చారు. ఆయన మోకాళ్ల మీద కూర్చొని చక్రం వెనక్కి తొంగి చూశాడు. మడ్‌గార్డు లోపలి ఇనుము మీద జానెడు పొడుగున రబ్బరు రాసుకున్న నల్లటి మెరుపు ఉంది. ఆయన తప్ప ఇంకెవరూ దాన్ని చూడలేదు. చూసినా ఏమిటో తెలిసేది కాదు. ఆయన జేబులోంచి చేతిగుడ్డ తీసి, పెట్రోలుతో తడిపి, ఆ మచ్చ పోయేదాకా తుడిచాడు.

తర్వాత పోలీసులు వచ్చారు. స్టీరింగ్ తిరగలేదని డ్రైవరు చెబుతున్నాడు, నువ్వు పని తెలిసినవాడివి కదా, చూసి చెప్పమని దాదావలినే అడిగారు. ఊరివాళ్లు, నాగరత్నమ్మ అన్నదమ్ములు, గంగులప్ప, అందరూ చుట్టూ నిలబడి ఉన్నారు. దాదావలి సీట్లో కూర్చొని స్టీరింగ్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పాడు. ఖాళీ బండి. సులువుగా తిరిగింది. "స్టీరింగ్‌లో లోపమేం లేదు సార్" అన్నాడు. అందులో అబద్ధం ఒక్క అక్షరం కూడా లేదు.

"తిరగలేదన్నా. నా చేతుల్లోనే బిగిసింది" అన్నాడు గంగులప్ప, ఆయన కళ్లలోకి చూస్తూ.

దాదావలి బండి దిగి తలుపు వేశాడు. నాగరత్నమ్మ తమ్ముడొకడు గంగులప్ప చొక్కా పట్టుకొని, నిద్ర మత్తులో తోలి బండిని తిట్టుకుంటావా అన్నాడు. నాలుగు రోజులకు ఆస్పత్రిలో నాగరత్నమ్మ చేతిని మణికట్టు దాకా తీసేశారు. బండి బాగుచేయడానికి దాదావలి షెడ్డుకే వచ్చింది. టైర్లు కోసుకుపోయాయని చెప్పి ఆయన వాటి స్థానంలో ఇరవై ఎనిమిదివే వేశాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

గంగులప్ప ఆ బండిని అమ్మేశాడు. మళ్లీ ఏ బండి స్టీరింగూ పట్టలేదు. భార్య పనిచేసే నర్సరీలోనే నీళ్లు కట్టే పనికి కుదిరాడు. మొదట్లో ఎవరైనా అడిగితే, స్టీరింగ్ తిరగలేదనేవాడు. ఏడాది తర్వాత, తిరగలేదనే అనుకున్నా అనేవాడు. ఇంకో రెండేళ్లకు, నా చేతులే ఆలస్యంగా తిరిగినాయి అనడం మొదలుపెట్టాడు. ఆ మాట దాదావలి స్వయంగా విన్నాడు. సంతలో ఎదురుపడినప్పుడు గంగులప్పే ఆయన చేతులు పట్టుకొని, "నీ పని మీద నింద వేస్తి గదన్నా ఆ పొద్దు, మనసులో పెట్టుకోవద్దు" అన్నాడు. దాదావలి అప్పుడు చెప్పి ఉండవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. ఎండగా ఉంది, మజ్జిగ తాగుదాం రా అన్నాడు. ఇద్దరూ మజ్జిగ తాగారు.

ప్రమాదం జరిగిన పదకొండో ఏట గంగులప్ప గుండె ఆగి చనిపోయాడు. దినాలయ్యాక ఇంకో రెండు నెలలు గడిచాయి. ఆ రెండు నెలల్లో దాదావలికి అన్నం సహించలేదు. నమాజులో కూర్చుంటే నల్లటి మచ్చే కనిపించేది. చివరికి ఒకరోజు నర్సరీకి వెళ్లాడు. నాగరత్నమ్మ చెట్టు నీడన పీట మీద కూర్చొని, ఇద్దరు ఆడపిల్లలకు అంటు కట్టడం నేర్పుతోంది. చేసి చూపించే చెయ్యి లేదు కనుక నోటితోనే చెబుతోంది. కత్తి ఎంత ఏటవాలుగా పట్టాలో, కట్టు ఎన్ని చుట్లు తిప్పాలో. దాదావలి నిలబడే అంతా చెప్పాడు. టీ తాగినవాళ్ల మాట, ఇసుక మూటలు, రాసుకున్న మచ్చ, తుడిచిన గుడ్డ. ఏదీ మిగల్చలేదు.

ఆమె పక్కనున్న పిల్ల కట్టిన అంటును వేలితో తడిమి చూసింది.

"ఈ ఒక్క చేతితో జడేసుకోలేనని దినామూ మా ఇంటి ఆయప్పే వేసేవాడన్నా" అంది చివరికి. "వేస్తా వేస్తా ఏడ్చేవాడు. యాల ఏడుస్తావంటే, ఈ చేతులు పనికిమాలినవి అనేవాడు. పదకొండేండ్లు వేసినాడు జడ." కాస్త ఆగి, "నాకు చెప్పినావు, సరే. ఆయప్పకు చెప్పింటివంటే..." అని ఆ మాట అక్కడే విడిచిపెట్టింది. పక్కనున్న పిల్ల వైపు తిరిగి, "కట్టు వదులైంది, విప్పి మళ్లా కట్టు" అంది. దాదావలి వచ్చేశాడు. తిట్టి ఉంటే బాగుండునని దారి పొడుగునా అనుకున్నాడు.

దాదావలి చెప్పడం ముగించాడు. రోడ్డు మీద లారీ ఒకటి పోతే రేకులు అదిరాయి. రెడ్డెప్ప కళ్లు ఎర్రబడ్డాయి. ఆరేళ్లుగా ఉస్తాద్ ప్రతి బండికీ బరువు వేయించి చూస్తుంటే, అది ఆయన చాదస్తం అనుకున్నాడు. చాలాసార్లు చాటుగా నవ్వుకున్నాడు కూడా.

"జయచంద్ర రేపు పొద్దున సామాను ఎత్తుకొని కనుమ మీదికే పోతాడు ఉస్తాద్" అన్నాడు. "హార్సిలీ కొండ కింద పెండ్లి ఉండాదంట."

దాదావలి తల ఊపాడు.

రెడ్డెప్ప ఫోను తీశాడు. పేరు వెతికాడు. నొక్కబోయి ఆగాడు. పొద్దున జయచంద్ర ముందు తాను ఎంత ధీమాగా మాట్లాడాడో, బండి చుట్టూ తిరిగి తొడ చరిచి ఏమన్నాడో గుర్తొచ్చినట్టుంది. "ఏమని చెప్పేది? నేను తప్పు చేసినా, టైర్లు విప్పాలా, వెనక్కి రా అనా? నలుగురిలో ఉంటాడు. ఇంక నా పని మీద నమ్మకం ఉంటుందా ఆయనకు?"

దాదావలి లేచి, సగం పెట్టిన బొత్తాలు పూర్తిగా పెట్టుకున్నాడు. మూలనున్న జాకీని కాలితో ముందుకు జరిపాడు.

"టైరు విప్పి మార్చేదానికి అరగంట చాలు రెడ్డెప్పా" అన్నాడు.