వెలుగు పొడి

వెనకటికో కోటలో దీపాలు పొగ కక్కుతున్నాయని రాజుగారికి కోపమొచ్చింది. ఆస్థాన రసవాది విరూపాక్షుడు, "ఆముదంలో నా వెలుగు పొడి చిటికెడు కలిపితే పొగన్నది ఉండదు" అన్నాడు. పొట్లానికి తన ముద్ర వేసి, దీపాలు చూసే గవరయ్య చేతిలో పెట్టాడు.

"ముందు కుందులు తోము. కొత్త ఒత్తులు వెయ్యి. మడ్డి లేకుండా ఆముదం వడకట్టు. ఆ తర్వాతే పొడి. రేపు కూడా పొగొస్తే నీ కొలువు ఊడుతుంది," అని, కావలసిన గుడ్డా పత్తీ ఉగ్రాణం నుంచి అప్పటికప్పుడు ఇప్పించాడు.

మర్నాడు సందెవేళకి కొలువుకూటం ధగధగలాడింది.

"చూశారా ప్రభూ, ఇదంతా నా పొడి మహిమ," అన్నాడు విరూపాక్షుడు మీసం దువ్వుతూ.

గవరయ్య తలపాగాలోంచి పొట్లం తీసి రాజుగారి ముందు పెట్టాడు. వేసిన ముద్ర వేసినట్టే ఉంది.

"అయ్యగారు చెప్పినవన్నీ వరసగా చేశాను ప్రభూ. పొడి వంతు వచ్చేసరికి పొగే లేదు."

రాజుగారు నవ్వారు. "అయితే ఈ పొడి ఎందుకూ పనికిరాదన్నమాట."

"అంత మాట అనకండి ప్రభూ. వడకట్టుకోడానికి గుడ్డ ముక్క ఇప్పించమని మూడేళ్లుగా మొత్తుకుంటున్నాను. ఈ పొట్లం వచ్చిన పూటే ఇచ్చారు."