తొమ్మిదో రీలు

మండపేటలో ఒక పాత సినిమా హాల్లో అబ్బులు అనే ఆపరేటరు ఉండేవాడు. పనిలో దిట్టే గానీ, ఆ పని ఎప్పుడు ముగుస్తుందా అన్న తొందర అతనికి మరీ ఎక్కువ.

అవి నేల టికెట్టు రోజులు. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు కూర్చునేవారు. విశ్రాంతి వేళ హాలంతా గోలీసోడాల చప్పుడు, వేయించిన వేరుశనక్కాయల వాసన. సినిమా అంటే పద్నాలుగు రేకు డబ్బాలు, ఒక్కోదానిలో ఒక్కో రీలు. వాటిని ఒక పెద్ద పెట్టెలో సర్ది, బస్సు మీద ఊరూరా పంపేవారు. ఎంత బాగుండేవో ఆ మధ్యాహ్నాలు! ఇప్పుడు తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

అబ్బులుకు మాత్రం అప్పుడు ఆ విలువ తెలియదు. మ్యాట్నీకి జనం పలచగా ఉంటే చాలు, ఒక రీలు ఎగరగొట్టేసేవాడు. "పాట లేదు, ఫైటింగు లేదు. ఇది వేయకపోతే ఎవడేడ్చాడు?" అనేవాడు. పది నిమిషాలు ముందే దిగిపోయి టీకొట్టు దగ్గర పులీమేకా ఆటలో కూర్చునేవాడు. జనం ఒక ఈల వేసి ఊరుకునేవారు.

ఒక వేసవిలో ముప్పై ఏళ్ల నాటి సినిమా మళ్లీ ఆడింది. పేరు 'దారి తప్పిన దేవదూత'. మేఘం మీద కునుకు తీస్తూ జారి భూమ్మీద పడిన దేవదూత కథ అది. కిరీటంతోనే బస్సెక్కుతాడు. కండక్టరు టికెట్టు అడిగితే, "ఏం వరం కావాలో కోరుకో" అంటాడు. కాఫీ హోటల్లో పిండి రుబ్బుతాడు. జనం పొట్ట పట్టుకుని నవ్వేవారు. తొమ్మిదో రీల్లో మాత్రం దేవదూత ఎండలో ఊరికే నడుస్తూ ఉంటాడు. అబ్బులు రెండు నిమిషాలు చూసి ఆవులించాడు. మర్నాటి నుంచి ఆ డబ్బా మూతే తీయలేదు.

ఆఖరి రోజు మ్యాట్నీకి మాణిక్యాంబ వచ్చింది. ఆవిడ ఇంటి వసారాలో అప్పడాలు ఒత్తే ఆడవాళ్లు అరడజను మందిని వెంటబెట్టుకొచ్చింది. వాళ్లలో పక్కింటి సీతాయమ్మ కూడా ఉంది. మాణిక్యాంబను ఊళ్లో అందరూ 'సినిమా మాణిక్యాంబ' అని ఏడిపించేవారు. వాళ్ల నాన్న మద్రాసులో ఒక స్టూడియోలో దర్జీ. రావలసిన నటి రాకపోతే, పద్దెనిమిదేళ్ల మాణిక్యాంబను నిలబెట్టి ఒక ముక్క తీశారట. సినిమా విడుదలయ్యేసరికి ఆవిడ పురిట్లో ఉంది. చూసుకోనే లేదు. ఆ మాట ఊళ్లో ఎవరూ నమ్మలేదు. అబ్బులూ విన్నాడు గానీ, ఏ సినిమా అని అడిగే ఓపిక అతనికి ఏనాడూ లేదు.

ఆ ఆఖరి ఆట అయింది. పెట్టె బస్సెక్కించి అబ్బులు టీకొట్టు దగ్గరికి వచ్చాడు. గేటు పక్కన ఆడవాళ్లు నవ్వుకుంటున్నారు.

"ఏదొదినా నువ్వు? కళ్లు కాయలు కాసేలా చూశాం. దేవదూత కనబడ్డాడు, వాడు రుబ్బిన రోలు కనబడింది, నువ్వు మాత్రం కనబళ్లేదు!" అంది సీతాయమ్మ.

"విశ్రాంతి అయ్యాక వస్తాను ఒదినా. దేవదూతకి చల్దన్నం పెడతాను. నిజం" అంది మాణిక్యాంబ.

"ఆయ్, పెట్టే ఉంటావు. మనం కునుకు తీసినప్పుడు పెట్టుంటావు!"

అందరూ గొల్లున నవ్వారు. మాణిక్యాంబ కొంగుతో మొహం తుడుచుకుని, ఎవరివైపూ చూడకుండా గబగబా వెళ్లిపోయింది.

అబ్బులు చేతిలో టీ చల్లారిపోయింది. తను నోరు విప్పకపోతే తొమ్మిదో రీలు ఎగరగొట్టిన సంగతి ఎవరికీ తెలియదు. విప్పితే హాలు యజమాని రాజుగారు ఊరుకోరు. కానీ ఆ పెద్దావిడ ఇక చచ్చేదాకా అబద్ధాలకోరుగానే మిగిలిపోతుంది. అబ్బులుకు సిగ్గేసింది. తిన్నగా రాజుగారి దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన నానా చీవాట్లు పెట్టి, "నెల్లాళ్లపాటు మిషను గది ఎక్కావంటే ఊరుకోను. గేటు దగ్గర టికెట్లు చింపు. ముందెళ్లి ఆవిడ కాళ్లు పట్టుకో" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే అబ్బులు మాణిక్యాంబ వసారాకు వెళ్లాడు. అప్పడాలు ఒత్తే వాళ్లంతా ఉన్నారు. ఆవిడ మాత్రం తలుపు వేసుకుని లోపలే ఉండిపోయింది.

"మాణిక్యాంబగారూ, తప్పు నాదండీ. తొమ్మిదో రీలు నేనే వేయలేదు. మీరున్నది అందులోనే" అన్నాడు అందరూ వినేలా.

పీటల మీద చేతులు ఆగిపోయాయి. "ఎంత పని చేశావయ్యా!" అంది సీతాయమ్మ.

తలుపు తెరుచుకుంది. "మరి ఆ సినిమా ఎక్కడుంది నాయనా?" అని అడిగింది మాణిక్యాంబ.

"రామచంద్రపురంలో అండీ. ఇవాళ్టి మ్యాట్నీకి నేను తీసుకెళ్తాను."

అప్పడాల పిండి మీద తడిగుడ్డ కప్పి అందరూ బస్సెక్కారు. సగం దారిలో అబ్బులుకు తను రాసిన చీటీ గుర్తొచ్చింది. తర్వాతి ఊరి ఆపరేటరు కోసం పెట్టెలో చీటీ పెట్టడం ఆపరేటర్లకు అలవాటు. ఎక్కడ అతుకు బలహీనంగా ఉందో, ఏ రీలు గీతలు పడిందో రాసుకునేవారు. నిన్న తను రాసిన చీటీలో, "తొమ్మిది అక్కర్లేదు. వదిలెయ్" అని ఉంది.

పైగా ఆ బస్సు ఆగని చోటు లేదు. హాలు చేరేసరికి ఎనిమిదో రీలు నడుస్తోంది. ఆడవాళ్లను లోపలికి పంపి అబ్బులు మెట్లెక్కి పరుగెత్తాడు. ఒక మిషను మీద ఎనిమిదోది తిరుగుతుంటే, రెండో మిషను మీద పదో రీలు సిద్ధంగా ఉంది. తొమ్మిదో డబ్బా ఒక మూల పడి ఉంది.

"తీసెయ్! తొమ్మిది వెయ్!" అన్నాడు రొప్పుతూ.

"నువ్వేగా వద్దని రాశావు" అన్నాడు అక్కడి ఆపరేటరు.

"బుద్ధి లేక రాశాను. జరుగు!"

అబ్బులే పదో రీలు విప్పి, తొమ్మిదోది ఎక్కించాడు. ఎనిమిదోది అయిపోయి తెర తెల్లబడకముందే అందింది. గోడలో కన్నంలోంచి చూశాడు.

దేవదూత ఎండలో నడిచి నడిచి ఒక అరుగు మీద కూలబడ్డాడు. కుండ చంకన పెట్టుకుని సన్నగా, రివటలాంటి పిల్ల బయటికి వచ్చింది.

"అమ్మాయీ, నా పొట్టలో ఎవరో గోకుతున్నారు. మా లోకంలో ఇలా ఉండదు" అన్నాడు దేవదూత.

"దాన్ని ఆకలంటారు. కూర్చో నాయనా, మా లోకంలో దానికి మందుంది" అంది ఆ పిల్ల, చల్దన్నం ముద్ద చేతిలో పెడుతూ.

హాలంతా నవ్వింది. దేవదూత ముద్ద తిన్నాడు. తింటూ నవ్వాడు, నవ్వుతున్నవాడల్లా ఏడ్చాడు. తర్వాత స్వర్గం నుంచి విమానం వచ్చినప్పుడు అతను ఎక్కనన్నాడు. ఎందుకు ఎక్కలేదో ఆ జనానికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. వారం రోజులు ఆ సినిమా ఆడించిన అబ్బులుకు మాత్రం అప్పుడే తెలిసింది.

ఆట వదిలాక సీతాయమ్మ మాణిక్యాంబ చెయ్యి పట్టుకుని, "ముప్పై ఏళ్లు నిన్ను ఏడిపించాను. నన్ను కొట్టినా పడతానొదినా" అంది.

మాణిక్యాంబ ఆ మాట విన్నట్టు లేదు. ఇంకా ఖాళీ తెరవైపే చూస్తోంది. "నేను అంత సన్నగా ఉండేదాన్నా ఒదినా? మా నాన్న కుట్టిన జాకెట్టు అది. చూశావా, ఎంత బాగా కుట్టాడో" అంది.

అబ్బులు నెల్లాళ్లు గేటు దగ్గర టికెట్లు చింపాడు. మళ్లీ గది ఎక్కాక ఒక్క రీలు కూడా వదల్లేదు.

చేసే పనిలో ఏ ముక్కనూ చిన్నదని వదిలేయకూడదు. మనం విసుగుతో పక్కన పెట్టేదాని కోసమే ఒకరు బతుకంతా ఎదురుచూస్తూ ఉండవచ్చు.